తల్లి ఉండగానే ఇల్లు మారిన పెద్దన్న: నల్గొండ గ్రూప్ హోమ్ నుంచి ఒక కేస్ స్టడీ

ఈ కేసు నల్గొండ పట్టణంలో ఒక అద్దె ఇంట్లో మరో నలుగురు మగవాళ్లతో కలిసి ఉంటున్న మనిషిది. వయసు నలభై దాటింది. మధ్యస్థాయి మేధో వైకల్యం, చిన్నప్పటి నుంచి ఫిట్స్. సదరం సర్టిఫికెట్‌లో వైకల్యం 75 శాతం అని రాసి ఉంది. ఇంట్లో అందరికంటే పెద్దవాడు కాబట్టి మిగతావాళ్లు పెద్దన్న అని పిలుస్తారు. నేనూ ఇక్కడ అదే పేరు వాడుతున్నాను. గుర్తుపట్టడానికి వీలిచ్చే కుటుంబ వివరాలు మార్చాను. రాస్తున్నానని తల్లికి చెప్పాను. ఆయనకు ఫోటోలు చూపిస్తూ, ఏవి చెప్పొచ్చు, ఏవి వద్దు అని అడిగి రాశాను.

నేను స్పెషల్ ఎడ్యుకేటర్‌ని. బోయిన్‌పల్లి మనోవికాస్‌నగర్‌లో శిక్షణ పొంది చాలా ఏళ్లు పిల్లల బడిలో పనిచేశాను. పిల్లలు పద్దెనిమిది దాటి బడి వదిలేశాక తల్లిదండ్రులు తిరిగి వచ్చి అడిగేది ఒకటే: "మేం పోయినంక వీడెట్ల?" అలా అడిగిన కొన్ని కుటుంబాలు కలిసి తీసుకున్నదే ఈ ఇల్లు. నడిపే బాధ్యత నాది.

నా అభిప్రాయం ముందే చెప్తాను. మన ప్రాంతంలో గ్రూప్ హోమ్ తల్లి బతికుండగానే మొదలవ్వాలి. సొంత ఊరికి గంటన్నర ప్రయాణంలో ఉండాలి. తల్లికి చేతకాని పనులే అది తీసుకోవాలి, ఆయన జీవితంలో మిగతాదాన్ని ముట్టుకోకూడదు. ఇలాంటివాళ్లను ఇంటి బయట చూసుకోవడానికి వేరే దేశాల్లో నూట డెబ్బై ఏళ్ల చరిత్ర ఉంది. అందులో తప్పులే ఎక్కువ. అవి తెలిస్తే మనం మళ్లీ చేయనక్కర్లేదు.

ఇంటి పరిస్థితి

పెద్దన్నది మర్రిగూడ వైపు ఒక పల్లె. నాయిన పోయి చాలా కాలమైంది. అన్న హైదరాబాద్‌లో డ్రైవర్, చెల్లె అత్తగారింట్లో. ఊళ్లో తల్లీ కొడుకులిద్దరే. తల్లికి అరవై ఐదు దాటాయి. మునుగోడు, మర్రిగూడ, చండూరు, నాంపల్లి ప్రాంతంలో ఆ వయసువాళ్లు చాలామందికి ఉన్నట్టే, ఏళ్ల తరబడి తాగిన బోరునీళ్ల ఫ్లోరైడ్‌తో ఆమెకూ నడుము వంగిపోయింది, మెడ తిరగదు. మిషన్ భగీరథతో కృష్ణా నీళ్లు వచ్చాయి గానీ అప్పటికే వంగిన ఎముకలు తిరిగి సాపు కావు. ఎత్తుగా, బరువుగా ఉండే కొడుకుకు స్నానం చేయించడం ఆమె వల్ల కావడం లేదు. ఫిట్స్ వచ్చి పడితే లేపలేదు. తల్లిదండ్రుల తర్వాత ఏమిటన్న ప్రశ్న మిగతా చోట్ల డెబ్బై ఐదేళ్లకు వస్తే, ఈ మండలాల్లో అరవైకే వస్తుంది. నల్గొండలో ఇలాంటి సేవలు ప్లాన్ చేసేవాళ్లు ఈ లెక్క మర్చిపోకూడదు.

పత్తి ఏరే రోజుల్లో ఆమె అతని కాలికి తాడు కట్టి, మంచం కోడుకు ముడేసి కూలికి పోయేది. దాన్ని నేను క్రూరత్వం కింద రాసుకోలేదు. రోడ్డు మీదికి పోతే లారీ కింద పడతాడని భయం, పోకపోతే కూలి లేదు. కానీ తాడు ఎక్కడికి దారితీస్తుందో కూడా తెలుసు. 2001 ఆగస్టులో తమిళనాడులోని ఎర్వాడిలో మానసిక రోగుల షెడ్డుకు మంటలంటుకుంటే, గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది తప్పించుకోలేక కాలిపోయారు. తాడు తీయాలంటే తల్లికి నీతులు చెప్తే సరిపోదు, పగటిపూట చూసుకునే ఇంకో మనిషి కావాలి.

మా దగ్గరికి రాకముందు అన్న అతన్ని వేరే జిల్లాలో ఒక ఆశ్రమంలో చేర్చాడు. ఒక పెద్ద హాలు, అందులో నలభై మందికి పైగా. కొన్ని నెలలకు తల్లి చూడటానికి పోతే గుండు కొట్టి ఉంది, ఒళ్లంతా గజ్జి, సగానికి సగం చిక్కిపోయాడు. అదే రోజు బస్సెక్కించి తీసుకొచ్చుకుంది. అప్పటి నుంచి కొత్త అలవాటు ఒకటి మొదలైంది. అన్నం పెట్టగానే కంచం గుండెలకు హత్తుకుని మూలకు పోయి, నమలకుండా మింగేసేవాడు. రొట్టె ముక్కలు అంగీలో దాచుకునేవాడు.

కంచం వెనక ఉన్న చరిత్ర

ఆ కంచం సంగతి విన్నప్పుడు నాకు చదువుకున్న రోజుల్లోని విల్లోబ్రూక్ అనే అమెరికా సంస్థ పాఠం గుర్తొచ్చింది. అమెరికాలో 1848లో శామ్యూల్ గ్రిడ్లీ హోవ్ మేధో వైకల్యం ఉన్న పిల్లలకు బడి పెట్టినప్పుడు ఉద్దేశం మంచిది: పని నేర్పి, తిరిగి ఇంటికి పంపాలి. తర్వాతి తరాల్లో ఆ బడులే ఊళ్లకు దూరంగా కట్టిన పెద్ద పెద్ద ఆవరణలయ్యాయి. లోపలికి పోయినవాళ్లు బయటికి రాలేదు. న్యూయార్క్ స్టేటెన్ ఐలండ్‌లోని విల్లోబ్రూక్‌ను నాలుగు వేల మంది కోసం కడితే 1960లలో ఆరు వేలు దాటారు. 1965లో సెనేటర్ రాబర్ట్ కెనడీ చూసి, పాముల పుట్టలా ఉందన్నాడు. ఏమీ మారలేదు. 1972లో హెరాల్డో రివేరా అనే విలేకరి టీవీ కెమెరాతో లోపలికి పోయాడు. అక్కడ ఒక్కో పిల్లవాడికి తినిపించడానికి సగటున దొరికేది మూడు నిమిషాలని అప్పుడు బయటపడింది. తల్లిదండ్రులు కోర్టుకు పోయారు. 1975లో ఒప్పందం కుదిరి, లోపలున్నవాళ్లను ఊళ్లలోని చిన్న ఇళ్లకు పంపడం మొదలైంది. 1987లో విల్లోబ్రూక్ మూతపడింది. అమెరికాలో గ్రూప్ హోమ్‌లు వందలుగా పుట్టడానికి ఇలాంటి కేసులే కారణం.

మూడు నిమిషాల్లో తినాల్సి వచ్చిన మనిషి ఎలా తింటాడో పెద్దన్న మాకు చూపించాడు. అందుకే మా ఇంట్లో ఆయనతో పని భోజనం దగ్గర మొదలైంది. స్నానం, పళ్లు తోముకోవడం లాంటివి తర్వాతకు పెట్టుకున్నాం. కంచం ఊరి నుంచి ఆయనదే తెప్పించాం. అన్నం గిన్నె, పచ్చిపులుసు గిన్నె ఆయన కళ్లముందే, చేతికందేలా పెట్టాం. మళ్లీ పెట్టుకోవచ్చని నోటితో చెప్తే నమ్మడు, గిన్నెలో ఇంకా కనిపిస్తుంటే నమ్ముతాడు. పనివాళ్లు కూడా అదే వరుసలో కూర్చుని అదే తిండి తింటారు. మూలకు పోతే ఎవరూ లాక్కురాలేదు. చాలా వారాలకు మూల నుంచి గోడ పక్కకు, గోడ నుంచి వరుస చివరకు వచ్చాడు. రొట్టె దాచుకోవడం ఇప్పటికీ పూర్తిగా పోలేదు. రాత్రి ఆకలేస్తే తీసుకోవడానికి ఒక డబ్బా ఆయన మంచం దగ్గరే పెట్టేశాం.

రోజు, వారం, ఏడాది

గ్రూప్ హోమ్ వెనక ఉన్న ఆలోచన డెన్మార్క్, స్వీడన్‌ల నుంచి వచ్చింది. 1959 నాటి డెన్మార్క్ చట్టం వెనక నీల్స్ ఎరిక్ బ్యాంక్-మికెల్సెన్ అనే అధికారి ఉన్నాడు. మేధో వైకల్యం ఉన్నవాళ్ల బతుకు మిగతావాళ్ల బతుకుకు ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిదన్నది ఆయన పట్టిన సూత్రం. పదేళ్లకు స్వీడన్‌కు చెందిన బెంగ్ట్ నిర్యే దాన్ని వివరంగా రాశాడు. అందరిలాగే వీళ్లకూ రోజుకో లయ, వారానికో లయ, ఏడాదికో లయ ఉండాలన్నాడు. పడుకునే చోటే పని, పని చోటే ఆట అయితే అది ఆస్పత్రి అవుతుంది. పొద్దున లేచి వేరే చోటికి పనికి పోవాలి, పండుగలు రావాలి, ఇష్టాయిష్టాలు అడగాలి. నాకు ఇప్పటికీ ఇంతకంటే పనికొచ్చే మాట దొరకలేదు.

మొదట్లో పెద్దన్న వారంలో రెండు రాత్రులే మా దగ్గర ఉన్నాడు, తల్లితో కలిసి. ఆమె మా వంటింట్లో కూర్చుని కొడుకు ఏ కూర తింటాడో, ఏ మాటకు ఉలిక్కిపడతాడో మా పనివాళ్లకు చెప్పేది. ఫిట్స్ వచ్చే ముందు ఎడమచెయ్యి రుద్దుకుంటాడని మాకు తెలిసింది ఆమె వల్లే, ఏ మెడికల్ రిపోర్టులోనూ లేదు. తర్వాత ఆమె పగలు వచ్చి సాయంత్రం బస్సుకు పోవడం, ఆ తర్వాత వారానికోసారి రావడం. అదే ఆమె చనిపోయాక ఆయన్ని తెచ్చి ఉంటే అమ్మా పోయేది, ఊరూ పోయేది, మంచమూ పోయేది, అన్నీ ఒక్క రోజునే. ఆ స్థితిలో వచ్చినవాళ్లను నేను చూశాను. ఏడుపును గొడవ అనుకుని నిద్రమాత్రలు పెంచుతారు.

వచ్చిన కొత్తలో రోజంతా బాగానే ఉండి, సాయంత్రం ఐదున్నర అయ్యేసరికి పెద్దన్నకు ఏదో అయ్యేది. గేటు పట్టుకుని ఊపడం, అరవడం, అడ్డం వచ్చినవాళ్లను నెట్టడం. పనివాళ్లకు టెన్షన్. డాక్టరును అడిగి ఇంకో మందు మొదలుపెడదామన్నారు. దానికంటే ముందు రాసి చూద్దామన్నాను. గొడవకు ముందు ఏం జరిగింది, ఏం చేశాడు, తర్వాత ఏమైంది, ఈ మూడూ నోట్‌బుక్‌లో రోజూ రాశాం. మనుషులు మారినా, తిండి మారినా, వేళ మాత్రం మారలేదు. తల్లిని అడిగితే నవ్వింది. "జీవాలొచ్చే యాళ్ల గద బిడ్డా. మావోడే గద వాకిట్ల నిలబడి అన్నీ వచ్చినయో లేదో చూసేది."

ఊళ్లో ఆయనకు ఒక పని ఉండేది. మేకలు ఇంటికొచ్చే వేళకు వాడకట్టు మొగదల నిలబడి, పక్కదారి పట్టిన వాటిని మళ్లించేవాడు. అడగకుండానే రోజూ చేసే పని, ఊరంతా ఆయనదేనని ఒప్పుకున్న పని. పట్నానికి తెచ్చి మేం దాన్ని తీసేశాం, బదులు టీవీ పెట్టాం. మా గల్లీ దాటితే పానగల్లు దారిలో బర్రెలు పెట్టుకున్న ఒక కుటుంబం ఉంది. వాళ్లతో మాట్లాడాం. ఇప్పుడు సాయంత్రం ఆయన అక్కడికి పోయి గడ్డి వేసి, కుడితి తొట్టి నింపి, మా ఇంటికి పాల క్యాన్ పట్టుకుని వస్తాడు. నెలకు కొంత డబ్బు ఇస్తారు. గేటు దగ్గర గొడవ తగ్గిపోయింది, కొత్త మందు అవసరం రాలేదు. ఏడాది లయ కూడా అలాగే నిలబెట్టాం. పీర్ల పండుగకు, దసరాకు ఊరికి పోతాడు. ఆ తేదీలు క్యాలెండర్‌లో ఎర్ర పెన్నుతో గుండ్రంగా చుట్టి ఉంటాయి, ఆయనే చుట్టుకుంటాడు.

ఫిట్స్, బాత్రూమ్ గడియ

వాల్ప్రోయేట్ మాత్రలు పొద్దున, రాత్రి. పూట తప్పితే ప్రమాదం. ఒక పండుగకు ఊరికి పోయినప్పుడు రాత్రి మాత్ర మరిచిపోయారు. తెల్లారి ఫిట్స్ వచ్చాయి. చుట్టూ చేరినవాళ్లు చేతిలో తాళాల గుత్తి పెట్టారు. తర్వాత ఊరి ఆశా కార్యకర్తతో కూర్చుని అందరికీ చేసి చూపించాం: పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, తల కింద మెత్తటిది పెట్టాలి, నోట్లో ఏమీ పెట్టొద్దు, నీళ్లు పోయొద్దు, కాళ్లు చేతులు బిగబట్టొద్దు, ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయాలి. ఇప్పుడు పూటపూటకు అర ఉన్న మాత్రల డబ్బా ఆయన సంచిలోనే పోతుంది.

బాత్రూమ్ గడియ మీద మాలో మాకే వాదన జరిగింది. లోపల ఫిట్స్ వస్తే ఎలా, గడియ వద్దని పనివాళ్లు. నలభై దాటిన మనిషి తలుపు తెరుచుకుని స్నానం చేయాలా అని నేను. చివరకు వడ్రంగిని పిలిచి, లోపల నుంచి పెట్టుకుంటే బయటి నుంచి కూడా తీయగలిగే గడియ పెట్టించాం. తలుపు బయటికి తెరుచుకునేలా మార్పించాం, ఎందుకంటే లోపల మనిషి అడ్డంగా పడితే లోపలికి తెరుచుకునే తలుపు కదలదు. స్నానాన్ని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి చివరి మెట్టు నుంచి నేర్పాం. ముందు తుడుచుకోవడం, తర్వాత సబ్బు కడుక్కోవడం, అలా వెనక్కి. పని తన చేతుల మీద పూర్తయిందన్న తృప్తి మొదటి రోజు నుంచే దొరుకుతుంది. ఇప్పుడు వీపు రుద్దడానికి తప్ప మనిషి అక్కర్లేదు.

వాడకట్టు

ఇల్లు తీసుకున్న కొత్తలో కాలనీ పెద్దలు ఓనర్ దగ్గరికి పోయారు. ఆడపిల్లలున్న వీధి, వాళ్లు ఏం చేస్తారో తెలియదు, ఇంటి రేట్లు పడిపోతాయి అన్నారు. ఇవే మాటలు 1980లలో టెక్సాస్‌లోని క్లీబర్న్ అనే చిన్న పట్టణంలో కూడా వినిపించాయి. 13 మంది ఉండే గ్రూప్ హోమ్‌కు ప్రత్యేక పర్మిట్ కావాలని చెప్పి, ఆ పర్మిట్ కూడా ఇవ్వలేదు ఆ ఊరి కౌన్సిల్. అదే వీధిలో హాస్టల్‌కో, ఆస్పత్రికో అయితే పర్మిట్ అడగరు. 1985లో అమెరికా సుప్రీంకోర్టు ఆ షరతును కొట్టేసింది. ఊరివాళ్ల భయం, అయిష్టం చట్టానికి కారణం కాలేవని చెప్పింది.

మేం కోర్టు దాకా పోలేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఐదో సెక్షన్ సమాజంలో కలిసి బతికే హక్కు ఇస్తుందని ఓనర్‌కు చూపించాం. ఓనర్ మెత్తబడ్డాడు గానీ వీధిని మార్చింది చట్టం కాదు. వినాయక చవితికి మండపం వేస్తుంటే పెద్దన్న పోయి కర్రలు మోశాడు. పేరు పెట్టి పిలవడం అప్పుడు మొదలైంది. ఇప్పుడు పాల క్యాన్‌తో ఆలస్యమైతే కిరాణం షాపాయన ఫోన్ చేసి అడుగుతాడు.

అయినా రోడ్డు దాటి ఒక్కడే చాయ్ హోటల్‌కు పంపాలా వద్దా అన్నప్పుడు తల్లిదండ్రుల మీటింగ్‌లో అందరూ వద్దన్నారు. 1972లో అమెరికన్ రచయిత రాబర్ట్ పెర్స్కే దీని గురించే రాశాడు. ప్రమాదం లేని బతుకులో గౌరవం కూడా ఉండదన్నది ఆయన వాదన. నేను ఆ పక్షమే. కానీ ఫిట్స్ ఉన్న మనిషి విషయంలో దాన్ని గుడ్డిగా పట్టుకోలేను. పక్కన నడిచి, తర్వాత పది అడుగుల వెనక నడిచి, తర్వాత గేటు దగ్గర నిలబడి చూశాం. ఇప్పుడు పగటిపూట ఒక్కడే పోతాడు. జేబులో పేరు, ఫోన్ నంబర్, జబ్బు రాసిన కార్డు ఉంటుంది. చీకటి పడ్డాక ఎవరో ఒకరం తోడు పోతాం.

ఐదుగురున్నంత మాత్రాన ఇల్లు కాదు

భారతదేశం 2007లో ఆమోదించిన ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒప్పందంలో 19వ ఆర్టికల్ ఉంది. ఎక్కడ, ఎవరితో ఉండాలో ఎంచుకునే హక్కు అది. దానికి 2017లో ఆ ఒప్పందం అమలును చూసే కమిటీ ఇచ్చిన వివరణ మాలాంటి వాళ్లందరూ చదవాలి. వంద మంది ఉండే సంస్థ అయినా, ఐదు నుంచి ఎనిమిది మంది ఉండే గ్రూప్ హోమ్ అయినా, చివరకు ఒక్కరి ఇల్లయినా, లోపల సంస్థ లక్షణాలుంటే అది స్వతంత్ర జీవనం కిందికి రాదని అందులో రాశారు. పక్క మంచం ఎవరిదో తానెంచుకోలేకపోవడం, అందరికీ ఒకే టైమ్‌టేబుల్, రోజు ఎలా గడవాలో వేరేవాళ్లు తేల్చడం, ఇవే ఆ లక్షణాలు. మా ఇంట్లో ఉన్నది సరిగ్గా ఐదుగురు.

అది చదివాక కొన్ని మార్చాం. ముందు గది తాళాలు. ఎవరి గది తాళం వాళ్ల దగ్గర. పెద్దన్న తన తాళాన్ని మొలతాడుకు కట్టుకున్నాడు. రాత్రంతా ఫోన్‌లో పాటలు పెట్టే కుర్రవాడితో ఆయనకు పడదు. మంచాలు వేసినప్పుడు ఎవరూ అడగలేదు, అడిగితే ముందే చెప్పేవాడు. ఫోటోలు ముందు పెట్టి ఎవరితో పడుకుంటావంటే మాటలు సరిగా రాని ఇంకొకతన్ని చూపించాడు. ఆ ఇద్దరూ ఇప్పుడు ఒకే గదిలో. ఏం వండాలో ఆదివారం వాళ్లే చెప్తారు. జొన్నరొట్టె, కోడికూర ఎప్పుడూ గెలుస్తాయి.

బయటివాళ్లు చెప్పకుండా వచ్చి చూసే ఏర్పాటు కూడా పెట్టుకున్నాం. మంచి పేరున్నవాళ్లు నడుపుతున్నారంటే చాలదు. మేధో వైకల్యం ఉన్నవాళ్లూ లేనివాళ్లూ కలిసి ఉండేలా 1964లో ఫ్రాన్స్‌లో జాన్ వానియే మొదలుపెట్టిన లార్ష్ ఇళ్లు ప్రపంచమంతా ఆదర్శమయ్యాయి. 1970లో బెంగళూరులో ఆశా నికేతన్ పేరుతో మన దేశానికీ వచ్చాయి. ఆయన మరణం తర్వాత, 2020లో, పలువురు మహిళలను ఆయన లైంగికంగా దోపిడీ చేశాడని ఆ సంస్థే విచారణ జరిపించి బయటపెట్టింది. ఆ ఇళ్లలో జరిగిన మంచి పని అబద్ధం కాదు. కానీ ఎవరి ఇంటికైనా తలుపు కొట్టే బయటి మనిషి ఉండాలి, నా ఇంటికి కూడా.

డబ్బు, భూమి, గార్డియన్

ఆసరా పింఛన్ 4,016 రూపాయలు. అది ఎవరిదన్నది ప్రతి కుటుంబంలోనూ వచ్చే గొడవ. తల్లి ఆ డబ్బుతో ఇల్లు నడిపింది, అన్న ఫీజులకు వాడుకున్నాడు, ఇంట్లో పెట్టుకుంటే మేమూ అడుగుతాం. ఇప్పుడది ఆయన ఖాతాలోనే పడుతుంది. ఇంటి ఖర్చుకు ఒక వంతు రాసుకుని తీసుకుంటాం, కొంత ఆయన జేబుకు, మిగిలింది ఖాతాలో. లక్ష రూపాయల వరకు వైద్య ఖర్చులిచ్చే నిరామయ బీమా చేయించాం. ఈ బీమా 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద వచ్చింది. పెద్దవాళ్ల కోసం ఘరౌందా పేరుతో మొదలై, తర్వాత సమర్థ్ పథకంతో కలిసిన గ్రూప్ హోమ్ పథకం కూడా అదే ట్రస్టుది. అదే ఏడాది అమెరికా సుప్రీంకోర్టు ఓమ్‌స్టెడ్ తీర్పులో, అవసరం లేకుండా మనిషిని సంస్థలో పెట్టడం వివక్షేనని చెప్పింది. స్వీడన్ తన సంస్థలు మూయడానికి పెట్టుకున్న గడువు కూడా 1999 చివరే. వాళ్లు పెద్ద గోడలు కూల్చి చిన్న ఇళ్లకు వచ్చారు. మన జిల్లాల్లో కూల్చడానికి అంత పెద్ద గోడలు లేవు, నేరుగా చిన్న ఇంటి నుంచే మొదలుపెట్టొచ్చు. నలభై మంది హాళ్లు కట్టేవాళ్లకు విరాళాలిచ్చే ముందు దాతలు ఇది ఆలోచించాలని నా మనవి.

ఇంకా తేలనిది భూమి. నాయిన పేరు మీద రెండెకరాలుంది, విరాసత్ కాలేదు, అంటే వారసుల పేర్లకు మారలేదు. అన్న తన ఒక్కడి పేరున చేయించుకుందామనుకున్నాడు. తమ్ముడికి తెలివి లేదు కదా, వాటా ఎందుకని ఊళ్లో కూడా అన్నారు. హిందూ వారసత్వ చట్టం 28వ సెక్షన్ ప్రకారం జబ్బు, వైకల్యం కారణంగా ఎవరి వాటా పోదు. ఈ ముక్క తల్లికి చదివి వినిపిస్తే ఆమె అన్నను పిలిపించి గట్టిగానే చెప్పింది. ఇప్పుడు తల్లి, ముగ్గురు పిల్లలు, అందరి పేర్లతో అర్జీ పెట్టారు.

ఆయన తరఫున సంతకం ఎవరిదన్న ప్రశ్నకు నేషనల్ ట్రస్ట్ చట్టంలో దారి ఉంది. కలెక్టర్ అధ్యక్షతన ఉండే స్థానిక స్థాయి కమిటీ గార్డియన్‌ను నియమిస్తుంది. గార్డియన్ ఆరు నెలల్లోపు ఆస్తి వివరాలు కమిటీకి ఇవ్వాలి, ఆ తర్వాత ఏటా లెక్క చూపాలి. 2016 చట్టం ఇంకో అడుగు ముందుకేసి, పరిమిత గార్డియన్ ఆ మనిషితో కలిసి నిర్ణయించాలంటుంది. మా సంస్థనే గార్డియన్‌గా పెట్టమని తల్లి అడిగింది. నేను ఒప్పుకోలేదు. పెద్దన్న తిండి, గది, మందు చూసేవాళ్లే ఆయన భూమి, సంతకం కూడా చూస్తే ఈ ఇంటి మీద ఫిర్యాదు చేసే మనిషే మిగలడు. చెల్లె ముందుకొచ్చింది. ఆమె పేరుతో దరఖాస్తు కలెక్టరేట్‌లో ఉంది. కమిటీ ముందు కూర్చోవాల్సిన రోజుకు పెద్దన్నను కూడా తయారు చేస్తున్నాం. నీ తరఫున ఎవరు చూడాలని అడిగితే ఇప్పటికైతే చెల్లె ఫోటోనే చూపిస్తున్నాడు.